చెవి గంట్ల పుస్తకం

రోవీనా హాస్కెట్ కోటుకు గుచ్చి ఉన్న నీలం రిబ్బన్‌ను కాన్‌స్టెన్స్ థార్న్ తన చేత్తోనే విప్పి తీసేసింది. 1961 జూన్‌లో, మా వెస్ట్‌నెక్ ఊరు పుట్టి మూడు వందల ఏళ్లయిందని టౌన్ హాల్లో పెట్టిన విందులో, రెండు వందల మంది చూస్తుండగా జరిగిందది. నీలం రిబ్బన్ తొలి కుటుంబాల వాళ్లకు మాత్రమే. గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయి, హాస్కెట్ అంటే పాత పేరే కదా అనుకుని, రోవీనాకూ ఒకటి గుచ్చింది. రోవీనా బీన్స్ కుండ రెండు చేతులతో పట్టుకుని బల్లదాకా నడిచింది. అక్కడ కాన్‌స్టెన్స్ ఎదురొచ్చింది. ఆమె ఉత్సవ కమిటీ అధ్యక్షురాలు.

"పొరపాటు జరిగింది, మిస్ హాస్కెట్," అంది పిన్ను విప్పుతూ. "తొలినాటి గైల్స్ హాస్కెట్‌ను ఊరు అప్పుడే వెళ్లగొట్టింది. మీరు ఎక్కడి హాస్కెట్లో ఎవరికీ తెలీదు. బీన్స్ మాత్రం అక్కడ పెట్టెయ్యండి, చెయ్యి కాలుతుంది."

రోవీనా రెండు చేతులూ కుండకే అంటుకుని ఉన్నాయి. అడ్డుపెట్టడానికి ఇంకో చెయ్యి లేదు.

మా అమ్మ డియోలిండా ఆ రోజు అక్కడి వంటగదిలో కూలికి గిన్నెలు తోముతోంది. నాకప్పుడు ఏడేళ్లు. ఈ కథ నాకు అమ్మ నోటినుంచే వచ్చింది. రోవీనా వంటగదిలోకి వచ్చి, కోటు తీసి మేకుకు తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి అమ్మ పక్కన నిలబడి గిన్నెలు తోమిందట. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. "సబ్బు తక్కువ వాడు డియోలిండా, ఊరి సొమ్ము," అని మాత్రం అందట.

మా ఊరికి చరిత్ర అంటూ ఉన్నది ఒక్కటే పుస్తకం. కాన్‌స్టెన్స్ తాతగారు రాశారు. ఆయన పాదిరీ. అందులో థార్న్‌లకు డెబ్బై పేజీలు, గైల్స్ హాస్కెట్‌కు నాలుగు వాక్యాలు. ఇంగ్లండ్ నుంచి ఒప్పందం మీద వచ్చిన పాలేరు. యజమాని కెప్టెన్ థార్న్ గొర్రెను దొంగిలించాడు. 1668లో కొరడా దెబ్బలు తిని, సంతానం లేకుండా ఊరు విడిచాడు. ఇప్పుడున్న హాస్కెట్లు తర్వాతెప్పుడో ఎక్కడినుంచో వచ్చి చేరినవారు. ఆ చివరి వాక్యం రాయడానికి పాదిరీగారికి అర నిమిషం పట్టి ఉంటుంది. దాన్ని కొట్టెయ్యడానికి రోవీనాకు పదమూడేళ్లు పట్టింది.

ఆమె టౌన్ హాల్ ఊడ్చే మనిషి. పొద్దున్నే స్టవ్ రాజేసి, మెట్ల మీది ఇసుక చిమ్మి, గుమాస్తాలు రాకముందే బల్లలు తుడిచేది. మిగతా పొద్దంతా గొర్రెలతో. ఉప్పుగడ్డి మడుగుల అంచున రాతి గోడల మధ్య ఆమె ఇల్లు, దాని వెనక దొడ్డి, దొడ్డిలో ఇరవై దాకా గొర్రెలు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఒక పొట్టేలును అదుపులో పెట్టేసరికే ఒళ్లు హూనమవుతోంది, రెండోది ఎందుకు అనేది. అన్న యుద్ధంలో పోయాడు. హాస్కెట్ అన్న పేరు ఇక ఆమెతో సరి. పేరు ఆగిపోతుందని ఆమెకు పెద్ద దిగులు లేదు. ఎక్కడ మొదలైందో తెలియకుండా ఆగిపోవడమే ఆమె సహించలేకపోయింది.

టౌన్ హాల్ వెనక ఒక ఇనపగది ఉండేది. ఊరి పాత పుస్తకాలన్నీ అందులోనే. దుమ్ము దులపడానికి తాళంచెవి ఆమెకిచ్చారు, చదవడానికి కాదు. విందు జరిగిన వారం నుంచే ఆమె మధ్యాహ్నం భోజనం వేళ ఆ గదిలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి. మూడు వందల ఏళ్లనాటి ఈకకలం రాత పట్టుబడటానికి రెండు చలికాలాలు పట్టింది. గొర్రెల దాణా సంచుల కాగితం చింపి, దాని మీద ఒక్కో అక్షరం ఎన్ని రకాలుగా రాసేవాళ్లో గీసుకుని గోడకు అతికించుకుంది.

నేను ఆమెకు దగ్గరైంది 1972లో. చరిత్ర మాస్టారితో గొడవపడి బడి మానేసి, ఊరి రోడ్ల పనిలో చేరాను. మా ముత్తాత అజోర్స్ దీవులనుంచి తిమింగలాల ఓడలో వచ్చాడు. అరవై ఏళ్లు గడిచినా ఊళ్లో మమ్మల్ని ఆఖరి పడవలో వచ్చినవాళ్లని అనేవారు. ఎవరూ ఏం చదవాలో చెప్పకుండా దొరికిందల్లా చదివాను కాబట్టి నాకు అన్నీ తెలుసనుకునేవాణ్ణి. మంచు తోడటం ఆపిన గంటలో టౌన్ హాల్ స్టవ్ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆమె చీపురు పట్టుకుని నా ముందు నిలబడింది.

"చలి కాచుకోడానికొచ్చావా, చదవడానికొచ్చావా?"

"రెండింటికీ."

"రెండూ ఒకేచోట కుదరవు. ఇక్కడ కూర్చుంటే పదో నిమిషంలో గురకపెడతావు. చదవాలంటే లోపలికి రా. లోపల చచ్చేంత చలి."

అలా ఇనపగదిలోకి వెళ్లాను. ఇప్పటికీ పాత తోలు వాసన తగిలితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ గది, రెండు కోట్ల మీద శాలువా కప్పుకుని ఒక వేలితో పంక్తి వెంట నడిచే ఆమె చెయ్యి. గొర్రెకొవ్వు అంటి అంటి ఆ చెయ్యి మెత్తగా, నున్నగా ఉండేది. పుస్తకం ముట్టుకునే ముందు మూడుసార్లు సబ్బుతో కడుక్కునేది.

గైల్స్ గురించి ఆమె పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పేది. మావాడు అనేది. మావాడికి మళ్లీ జరిమానా వేశారురా, ఆదివారం చర్చికి పోకుండా చేపలు పట్టాడట. మావాడు మేపే పంది ముక్కుకు రింగు వెయ్యలేదట, అది పోయి చర్చి పెద్ద డీకన్ గారి టర్నిప్ మడి తవ్వేసిందట. ఇవన్నీ శనివారం సాయంత్రాలు ఆమె వంటింట్లో బీన్స్, నల్లరొట్టె తింటూ విన్నాను. ఓడ దిగేనాటికి గైల్స్‌కు పద్నాలుగేళ్లు. సోమర్సెట్ వైపు ఏదో పల్లె. ఏడేళ్లు చాకిరీ చేస్తే ఒక జత బట్టలు, ఒక గునపం ఇస్తామని ఒప్పందం. ఏడో ఏడు నిండడానికి ఇంకా నాలుగు నెలలుందనగా ఆ గొర్రె గొడవ వచ్చింది. కొరడా దెబ్బలు పది, అదనంగా రెండేళ్ల చాకిరీ.

ఆ గొడవ మీదే ఆమె ఒక చలికాలం అంతా మోసపోయింది. ఊరి శిక్షల పుస్తకంలో దొంగతనం 1668 నవంబర్‌లో జరిగినట్టు, దెబ్బలు 1668 జనవరిలో కొట్టినట్టు ఉంది. తప్పు చెయ్యకముందే శిక్ష వేశారని, థార్న్‌ల కుట్ర బయటపడిందని ఆమె పొంగిపోయి, కాన్‌స్టెన్స్‌కు మూడు పేజీల ఉత్తరం రాసింది. జవాబు ఒక పోస్టుకార్డు మీద వచ్చింది. ఆ రోజుల్లో ఏడాది మార్చి ఇరవై అయిదున మారేది, నవంబర్ తర్వాత వచ్చే జనవరి కూడా అదే ఏడు, మీకు తెలుసనుకున్నాను అని. రోవీనా ఆ కార్డును దొడ్డి తలుపు లోపలివైపు మేకుకు గుచ్చింది. ఎందుకని అడిగితే, గొర్రెలైనా నేర్చుకుంటాయని అంది.

గైల్స్ శిక్ష తర్వాత ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. పుట్టుకల్లో లేడు, పెళ్లిళ్లలో లేడు, భూముల్లో లేడు. మా శ్మశానంలో ఉన్న అన్నిటికంటే పాత హాస్కెట్ రాయి ఏమస్‌ది. ఏమస్ నుంచి రోవీనా దాకా గొలుసు తెగకుండా ఉంది. గైల్స్‌కూ ఏమస్‌కూ మధ్య ఒక్క లంకె కావాలి. ఆ ఒక్క లంకె కోసం ఆమె పదమూడేళ్లు పన్నెండు పుస్తకాలు చదివింది. కళ్లద్దాలు రెండుసార్లు మారాయి.

1974 ఏప్రిల్లో ఒక శనివారం గొర్రెపిల్లల చెవులు కొయ్యడానికి సాయం వెళ్లాను. మా ఊళ్లో ఆ పని ఇంకా చేసే ఇల్లు అదొక్కటే. నేను పిల్లను ఒళ్లో పట్టుకుంటే, ఆమె చిన్న కత్తితో ఎడమచెవి కింది అంచున అర్ధచంద్రంలా గంటు పెట్టి, కుడిచెవి కొసన చీలిక వేసి, తారు పూసేది. అదే గంటు ఎందుకని అడిగాను.

"మా నాన్న ఇలాగే కోసేవాడు. ఆయనకి వాళ్ల నాన్న నేర్పాడు."

"ఆయనకి?"

"ఆయన్ని నేను చూళ్లేదు. గట్టిగా పట్టుకో, తన్నుద్ది."

సోమవారం మధ్యాహ్నం ఇనపగదిలో ఆమె అడుగు అర మీదినుంచి ఒక పల్చటి పుస్తకం తీసి నా ముందు పెట్టింది. అట్టమీద పశువులు అని రాసుంది. పదమూడేళ్లలో దాన్ని ఆమె దులిపిందే కాని, శనివారం నేను గంటు గురించి అడిగేదాకా తెరవలేదు. ఎవరూ తెరవలేదు. లోపల పేజీ పేజీకీ చెవుల బొమ్మలు. ఊరి పశువులన్నీ ఒకే బీట్లో మేసే రోజులవి. ఎవరి గొర్రె ఎవరిదో తేలడానికి ఒక్కో ఇంటి గంటు గుమాస్తా గీసి రాసుకునేవాడు. జతలు జతలుగా చెవులు, ఈకకలంతో గీసినవి, కొన్ని కుందేలు చెవుల్లా, కొన్ని ఆకుల్లా. ఆమె నాలుగో పేజీలో ఒకచోట వేలు పెట్టి, కళ్లు మూసుకుంది.

"నువ్వు చదువు. నా కళ్లు నేను కోరుకున్నదే చూపిస్తాయి."

చదివాను. 1671, గైల్స్ హాస్కెట్ గుర్తు, ఎడమచెవి కింద అర్ధచంద్రం, కుడిచెవి కొసన చీలిక. దాని కింద వేరే సిరా, వేరే చెయ్యి. 1703, పై గైల్స్ చనిపోయినందున ఈ గుర్తు ఇకమీదట ఆయన కొడుకు ఏమస్‌ది.

గైల్స్ ఊరు విడవలేదు. దెబ్బలు తిన్న ఊళ్లోనే ఉండి, చాకిరీ పూర్తిచేసి, సొంత గంటు రాయించుకున్నాడు. నేను మొన్న ఒళ్లో పట్టుకున్న పిల్ల చెవిమీద పడింది ఆ గంటే.

"మనిషిని మనుషుల పుస్తకాల్లో వెతికాను," అంది రోవీనా. "ఎంత బుద్ధితక్కువదాన్ని. పాలేరు పేరు ఎవడు రాస్తాడు? గొర్రె పేరైతే రాస్తారు."

ఆ సాయంత్రం ఆమె దొడ్డిలోకి వెళ్లి ముసలి గొర్రె చెవి చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడింది. నేను రాతిగోడమీద కూర్చుని చూశాను. మడుగుల మీద వెలుతురు పోతోంది, కింద అల వెనక్కి తీస్తున్న చప్పుడు. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూసింది అదొక్కసారే.

ఒప్పుకోవలసింది ఒకటుంది. కాన్‌స్టెన్స్ థార్న్ అడ్డు చెప్పలేదు. పేజీ చూసింది, మర్నాడు తనే రోవీనా దొడ్డికి వచ్చింది. ఖరీదైన చేతితొడుగు విప్పి గొర్రెపిల్ల చెవి పట్టుకుని, గంటు వెంట వేలు నడిపింది. మా తాతగారు తప్పు రాశారు అంది. 1976 జూలైకి దేశానికి రెండు వందల ఏళ్లు నిండుతాయి, అప్పుడు చర్చి ముందు పచ్చికలో కొత్త రాయి వేసి తొలి మనుషుల పేర్లన్నీ చెక్కిస్తాం, గైల్స్ హాస్కెట్ పేరు కూడా ఉంటుంది అని మాటిచ్చింది. ఆ మాటమీద నిలబడింది కూడా. నేను ద్వేషించడానికి ఆమె నాకు ఎప్పుడూ సరిపడినంత ఇవ్వలేదు. అది కూడా నాకు కోపమే.

రాయితోపాటు ఒక చిన్న పుస్తకం వేస్తారు, అందులో చెవి గంట్ల పుస్తకం మొత్తం అచ్చవుతుంది. నకలు రాసే పని రోవీనా నాకు అప్పజెప్పింది. 1975 చలికాలమంతా రాశాను. 1976 ఫిబ్రవరిలో పదకొండో పేజీకి వచ్చాను. అక్కడ చెవుల బొమ్మలు లేవు, రాత మాత్రమే ఉంది. కావలసింది నాలుగో పేజీలోనే దొరికాక రోవీనా అంతదాకా తిప్పనేలేదు.

1677. కెప్టెన్ థార్న్ గుర్తు ఉన్న ఆరు తల్లిగొర్రెల చెవులు తిరిగి కోసి గైల్స్ హాస్కెట్ గుర్తు వేయవచ్చును. గత యుద్ధంలో పట్టుబడిన వాంపనోగ్ ఆడపిల్లను, ఇంచుమించు తొమ్మిదేళ్లది, కెప్టెన్‌కు ఇచ్చినందుకు ఇవి హాస్కెట్‌కు వచ్చినవి. ఎవరూ తన మీద దొంగతనం మోపకుండా ఉండేందుకు హాస్కెట్ కోరగా ఇది రాయడమైనది.

వాంపనోగులు మా అందరికంటే ముందు ఈ నేలమీద ఉన్నవాళ్లు. ఆ యుద్ధంలో వాళ్ల ఊళ్లు తగలబెట్టి, దొరికినవాళ్లను పంచుకున్నారని నేను చదివాను. మిగిలినవాళ్ల పిల్లల పిల్లలు ఇప్పటికీ మా ఊరి చెరువు అవతల ఉన్నారు. వాళ్ల రోడ్డు మీది మంచు మా రోడ్ల పని బండే తోసేది.

ఆ పేజీ చూడగానే నాకు కలిగింది సంతోషమే. దాచుకోను. థార్న్‌ల మెడ చేతికి దొరికింది అనుకున్నాను. నకలు కాగితం పట్టుకుని రోవీనా ఇంటికి పరిగెత్తాను. ఆమె స్టవ్ మీద ఆల్చిప్పల చారు కలుపుతోంది, పాలు విరగకుండా.

"కెప్టెన్ థార్న్ పిల్లని కొన్నాడత్తా. ఇది అచ్చులో చూస్తే కాన్‌స్టెన్స్ మొహం ఎట్లా ఉంటుందో చూడాలి."

ఆమె కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఒకసారి చదివి, మళ్లీ మొదటినుంచి చదివింది. వెనక చారు పొంగుతోంది. నేనే దించాను.

"కొన్నవాడి పేరు చెప్పావు. అమ్మినవాడి పేరు కూడా చెప్పు."

నేను చారు గిన్నె మీద మూత పెట్టాను.

"ఒక్క గొర్రె కోసం వాడి వీపు చీరేశారు," అంది, నాతో కాదన్నట్టు. "వాడికి తెలుసు అదెట్లా ఉంటుందో. తెలిసీ ఆరింటి కోసం ఇంకోళ్ల పిల్లని ఇచ్చేశాడు. పైగా రాయించుకున్నాడు చూడు. దొంగ అంటారని భయం. ఇంక దేనికీ భయం లేదు."

కాగితం కిటికీ గట్టుమీద పెట్టి మళ్లీ అంది. "మా మంద ఆ ఆరింటిదే అయ్యుంటుంది."

ఆ ఏప్రిల్లో ఆమె పిల్లల చెవులు కొయ్యలేదు. గుర్తు లేకపోతే తప్పిపోయినవి ఎవరివో ఎలా తెలుస్తుందని అడిగాను. తెలియకపోతే పోనీ అంది.

కమిటీ అంతకు ముందే, మార్చిలో కూర్చుంది. పేర్ల జాబితా ఖాయం చేసి రాళ్లు చెక్కేవాడికి పంపడమే పని. పదకొండు మంది బల్ల చుట్టూ, గోడవార కుర్చీల్లో మాలాంటివాళ్లు ముప్పై మంది. కాన్‌స్టెన్స్ పేర్లు చదివింది. గైల్స్ హాస్కెట్ పేరు రాగానే ఎవరో చప్పట్లు కొట్టారు. రోవీనా లేచి నిలబడింది. ధన్యవాదాలు చెబుతుందనుకున్నారు. ఆమె సంచిలోంచి నా నకలు తీసి పదకొండో పేజీ మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివి, ఆ పిల్ల కూడా 1677లో ఈ ఊళ్లో ఉంది కాబట్టి ఆమెను కూడా రాతిమీద వెయ్యమని అడిగింది.

బల్ల దగ్గర ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఇంకొకాయన పండగ పూట ఎందుకివన్నీ అన్నాడు. కాన్‌స్టెన్స్ చేతిలోని పెన్సిల్ బల్లమీద పెట్టింది.

"ఏమని చెక్కించమంటారు, మిస్ హాస్కెట్? పేరు లేదుగా."

"ఉన్నట్టే చెక్కించండి. తొమ్మిదేళ్ల పిల్ల, పేరు రాయలేదు, అని."

"దాని పక్కన మీ వాళ్ల పేరు, మా వాళ్ల పేరు. పిల్లలు చదువుతారు."

"చదవనీండి."

చేతులెత్తమన్నారు. బల్ల చుట్టూ ఒక్క చెయ్యీ లేవలేదు. గోడవార మేం ఎత్తాం కాని మా చేతులు లెక్కలోకి రావు. అప్పుడు రోవీనా కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, అయితే గైల్స్ పేరు కూడా తీసెయ్యండి అంది. కాన్‌స్టెన్స్ నిజంగానే నొచ్చుకుంది. పదమూడేళ్లు దీనికోసం కష్టపడ్డారు, ఆలోచించుకోండి, వారం టైమిస్తాను అంది. రోవీనా వారం అవసరం లేదంది. పెన్సిల్ గీత పడింది. ఆ చప్పుడు గోడవారకు కూడా వినిపించింది.

బయట మెట్ల మీద నేను ఆమెతో గొడవపడ్డాను. నాకు సిగ్గుగా ఉంటుంది ఇప్పుడు తలుచుకుంటే. పేరు వేయించుకుని, తర్వాత అడగాల్సింది, గెలిచిన ఆట చేజేతులా పాడుచేశావు, వాళ్లే నవ్వుకుంటారు అన్నాను. మా వాళ్లకు లేని రాయి కనీసం ఆమెకు దక్కాలని నాకుండేది. ఆమె మెట్లమీద ఇసుక ఉందేమోనని కాలితో రాసి చూస్తూ విన్నది.

"నీకు థార్న్‌లని కొట్టడానికి ఒక కర్ర కావాలి," అంది. "నేను కర్రని కానురా."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆ వేసవి రాయి వేశారు. నలభై పేర్లు, తళతళలాడే నల్లరాయి. నేను ఆగస్టులో న్యూ బెడ్‌ఫర్డ్ వెళ్లి చేపల ఓడ ఎక్కాను. పదేళ్లు అటే. ఓడలో తీరిక వేళ చదివాను, దిగినప్పుడు తాగాను, ఆమెకు ఉత్తరం రాద్దామని అనుకోవడమే కాని రాయలేదు. అమ్మ ఫోనులో అప్పుడప్పుడు చెప్పేది. రోవీనా గొర్రెల్ని ఒక్కొక్కటే అమ్మేస్తోందట. టౌన్ హాల్ పని మాన్పించారట, అయినా రోజూ ఇనపగదికి వస్తోందట. ఎవరి కోసం వెతుకుతోందని అడిగితే, మా ఇంటినుంచి పోయిన పిల్ల కోసం అంటోందట. ఊరు ఆమెకు మతి చలించిందనుకుంది.

1986 అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాను. మడుగుల గడ్డి ఎర్రబడి ఉంది. ఆమె వంటింట్లో కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కుడికన్ను పోయింది, ఎడమదానితో మనుషుల ఆకారం మాత్రం కనిపిస్తుంది. నా అడుగు చప్పుడు విని, "బూట్లు విప్పు, చేపల కంపు," అంది. పదేళ్ల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. మొక్కజొన్న అట్లు తనే పోసింది, పెనం వేడి అరచేత్తో చూసుకుంటూ. వాటి అంచులు అలాగే కరకరలాడుతూ, నేను పదేళ్లు ఏ ఓడలోనూ తినని రుచిలో ఉన్నాయి.

తర్వాత కాగితాలు తెమ్మంది. దాణా సంచుల కాగితం మీద ఆమె రాత పెద్ద పెద్ద అక్షరాలతో పంక్తి తప్పి పోతోంది. పదేళ్లలో ఆమెకు రెండంటే రెండు జాడలు దొరికాయి. 1684లో కెప్టెన్ ఇంటి పిల్ల ఒకతె సముద్రం వైపు పారిపోయిందని, వెతికి తెచ్చినవాళ్లకు తిండి పెట్టించారని ఒక పంక్తి. అప్పటికి ఆ పిల్లకు పదహారేళ్లు ఉంటాయి. కెప్టెన్ వీలునామాలో, సారా అని పిలవబడే వాంపనోగ్ దాసిని తన కూతురికి ఇస్తున్నానని ఒక పంక్తి. ఆ కూతుర్ని ప్లిమత్ దాటి ఎక్కడో ఇచ్చారు. ఆ ఊరి పుస్తకాలు ఆ ఊళ్లోనే ఉన్నాయి.

"అదే పిల్లని గట్టిగా చెప్పలేం," అంది. "సారా అని వీళ్లు పెట్టుకున్న పేరు. వాళ్లమ్మ ఏమని పిలిచిందో. నాకిక కళ్లు లేవు, బస్సెక్కే కాళ్లు లేవు. నీకు చదవడం వచ్చు. ఇంక నువ్వు చూడు."

కాగితాలు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను. నా వల్ల కాదని అనాలనుకున్నాను, అనలేకపోయాను. దొరికితే మొదటి బస్సుకే వచ్చి చెబుతానన్నాను. ఆమె డిసెంబర్‌లో పోయింది. అప్పుడు నేను సముద్రం మీద ఉన్నాను. కాబట్టి ఆ రోజు గుమ్మం దాకా నా వెంట వచ్చి, తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఆమె అన్నదే నాకు మిగిలిన ఆఖరి మాట.

"నాకు చెప్పడానికి పరిగెత్తుకు రాకు. దొరికితే చెరువు అవతలికి పో. వాళ్ల పిల్లరా అది, వాళ్లకి చెప్పు."